నలభై రెండో రోజు సాయంత్రం

పెళ్ళికి పిలిస్తే ఏం తీసుకెళ్ళాలో మనకు తెలుసు. బారసాలకి చిన్న గౌనో, వెండి ఉగ్గుగిన్నో; గృహప్రవేశానికి స్టీలు సామాను; షష్టిపూర్తికి బట్టలు. కాని, "మావారు తాగుడు మానేసి ఏడాది నిండింది. ఆదివారం సాయంత్రం కృతజ్ఞతా కూడిక పెట్టుకున్నాం, నువ్వు తప్పకుండా రావాలి" అని ఓ స్నేహితురాలు పిలిచిందనుకోండి. ఏం పట్టుకెళ్తాం? వెళ్ళి ఏం మాట్లాడతాం? అసలు అక్కడ ఆ మాట ఎత్తొచ్చా, ఎత్తకూడదా?

నవ్వకండి. ఇలాంటి పిలుపు రావలసిన ఇళ్ళు మనం అనుకునేకంటే ఎక్కువే ఉన్నాయి. నాకు తల్లాడ నుంచి వచ్చింది. ఖమ్మంలో సత్తుపల్లి బస్సెక్కితే వైరా దాటాక తల్లాడ వస్తుంది. అక్కణ్ణించి ఒక దారి కొత్తగూడెం వైపు, అంటే భద్రాచలం అడవుల వైపు చీలిపోతుంది. చుట్టూ మిరపా, పత్తీ. నా స్నేహితురాలి భర్తకి అక్కడ పురుగుమందుల కొట్టుంది. నేను ఆయన్ని అన్నయ్యగారనే పిలుస్తాను. రైతులకి అరువిచ్చి, పంట అమ్ముడయ్యాక వసూలు చేసుకునే వ్యాపారం. బాకీ వసూలైన సాయంత్రం ఆ సంతోషంలో ఒక గ్లాసు, వసూలు కాని సాయంత్రం దిగులుతో రెండు గ్లాసులు. అలా మొదలై పొద్దున పళ్ళు తోముకోకముందే చెయ్యి వణకడం దాకా వచ్చింది. పుట్టుకతో క్రైస్తవులే గాని ఆయన గుడి మెట్లెక్కేది క్రిస్మస్‌కి మాత్రమే.

ఆ కూడికలో పాటలు పాడారు, వాక్యం చదివారు. ఆయన లేచి నిలబడి సాక్ష్యం చెప్పారు. సాక్ష్యమంటే మరేం కాదు, తన బతుకులో జరిగింది పదిమంది ముందు దాచకుండా చెప్పుకోవడం. తర్వాత టీ, చేగోడీలు, అరటిపండ్లు. నా చెవులు మాత్రం వచ్చినవాళ్ళు మాట్లాడుకునే మాటల మీదే ఉన్నాయి. ఒకావిడ, "అంతా ప్రభువు మహిమ, మనిషి చేసేదేముంది?" అంది. ఇంకొకావిడ నా చెవిలో, "ఎన్నాళ్ళుంటుందో చూద్దాం లెండి" అంది. ఒక పెద్దాయనైతే ఏకంగా అన్నయ్యగారి భుజం తట్టి, "ఈ బుద్ధి అప్పుడే ఉంటే రెండెకరాలు మిగిలేవి కదయ్యా" అన్నాడు. ముగ్గురూ మంచివాళ్ళే. అయినా ముగ్గురూ అసలు సంగతి వదిలేశారని నాకనిపించింది. ఆ సంగతేమిటో కాస్త వివరంగా చెబుతాను.

మన ఇళ్ళల్లో అయ్యప్ప దీక్ష వేసుకునేవాళ్ళని మీరు చూసే ఉంటారు. మండలం, అంటే నలభై ఒక్క రోజులు. రోజుకో పెట్టె సిగరెట్లు కాల్చేవాడు, సాయంత్రమయితే సీసా లేకుండా ఉండలేనివాడు, ఆ నలభై ఒక్క రోజులూ ముట్టుకోడు. మనం ఆశ్చర్యపోతాం. ఇరుముడి దించి, మాల తీశాక, నలభై రెండో రోజు సాయంత్రం కొందరు మళ్ళీ అదే దుకాణం ముందు నిలబడతారు. మనం తిట్టుకుంటాం. క్రైస్తవుల ఇళ్ళల్లోనూ ఇంతే. ఈస్టరుకు ముందు నలభై రోజుల శ్రమల దినాలని ఉంటాయి. అన్నయ్యగారు మూడేళ్ళు వరసగా ఆ నలభై రోజులూ మానేశారు. మూడేళ్ళూ ఈస్టరు రోజు సాయంత్రమే మళ్ళీ మొదలెట్టారు.

మరి ఆ నలభై రోజులూ ఎలా ఉండగలిగారు? ఉండగలిగినవాడు తర్వాత ఎందుకు ఉండలేకపోయాడు? బలహీనుడని తేల్చెయ్యడం తేలికే. దీక్షలో ఉన్న మనిషి చుట్టూ ఏముందో చూడండి. నల్లబట్టలున్నాయి, చూసినవాళ్ళంతా "స్వామీ" అని పలకరిస్తారు. తెల్లవారుజామునే స్నానం, సాయంత్రం భజన, తనలాంటివాళ్ళు పదిమంది. ఆరింటికి ఎక్కడికెళ్ళాలో తెలుసు. ఇంట్లో భార్య వేరే వంట చేస్తుంది, గౌరవంగా చూస్తుంది. నలభై రెండో రోజున ఇవన్నీ ఒక్కసారిగా పోతాయి. బట్టలు మారతాయి, పిలుపు మారుతుంది, భజన ఆగిపోతుంది. ఒంటరిగా మిగిలిన మనిషికి ఆరు గంటలు మాత్రం రోజూలాగే వస్తాయి.

తల్లాడలో నాలుగోసారి జరిగిందల్లా, ఆ నలభై రెండో రోజుకి కూడా ఎవరో ఒకరు ఏర్పాటు చెయ్యడం. ఆ చేసింది ఆ ఊరి చిన్న సంఘపు పాస్టరుగారు. వాళ్ళు అయ్యగారంటారు. కొట్టు మూసే వేళకి రోజూ ఇద్దరు మనుషులు వచ్చి కూర్చునేవారు. అందులో ఒకాయన ఒకప్పుడు కల్లు కాంపౌండులోనే తెల్లవార్చిన మనిషట. తాళం వేశాక ముగ్గురూ నడిచి మందిరానికి వెళ్ళడం, ఓ అరగంట ప్రార్థన, అక్కణ్ణించి ఇల్లు. పండగ వెళ్ళాక కూడా వాళ్ళు రావడం మానలేదు. నేను వెళ్ళిన రోజు కూడా వచ్చారు.

అయితే అయ్యగారు ఇంతకంటే ముందు ఇంకో పని చేశారు. ప్రార్థన చేస్తానని ఒప్పుకుంటూనే, "ముందు ఖమ్మం ఆసుపత్రికి పదండి" అన్నారు. ఇది మీరందరూ గుర్తుంచుకోవలసిన సంగతి. ఏళ్ళ తరబడి రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే శరీరం తట్టుకోలేదు. చివరి గ్లాసు తర్వాత కొద్ది గంటల్లోనే వణుకు, చెమటలు, గుండెదడ మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో మూర్ఛలు రావచ్చు. రెండు మూడు రోజులు గడిచాక కొందరికి జ్వరం, గోడల మీద పురుగులు పాకుతున్నట్టు లేనివి కనబడటం, ఎక్కడున్నామో తెలియకపోవడం జరుగుతుంది. చాలామంది దీన్ని దెయ్యమని, గాలని అనుకుని తాళ్ళతో కట్టేస్తారు. దానికి వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. డాక్టర్లు కొన్నాళ్ళు మందులిచ్చి, మోతాదు మెల్లగా తగ్గించి ఈ గండం దాటిస్తారు. తాగేవాళ్ళలో బి1 విటమిను తగ్గిపోతుంది కాబట్టి అదీ ఇస్తారు, లేకపోతే మెదడు దెబ్బతింటుంది.

కల్లుకి కూడా ఇదే వర్తిస్తుంది, ముఖ్యంగా మత్తుమందు కలిపిన కల్లుకి. క్లోరల్ హైడ్రేటు, డయజిపామ్, ఆల్ప్రజోలామ్ కలిపిన కల్లుకి అలవాటు పడ్డవాళ్ళు, 2015లో నిజామాబాదు, మహబూబ్‌నగర్ వైపు కల్తీ మీద దాడులు జరిగి ఒక్కసారిగా అది దొరక్కపోయేసరికి, పిచ్చెత్తినట్టయి ఆసుపత్రులకు చేరారు. అంచేత, "ప్రార్థన చేశాం కదా, మందులెందుకు?" అనేవాళ్ళ మాట వినకండి. దీక్షకీ ఇదే మాట. రోజూ ఎక్కువ తాగే మనిషి మాల వేసుకునే ముందు డాక్టరుకి చూపించుకోవాలి.

వైద్యమూ, విశ్వాసమూ, స్నేహితుడూ ముగ్గురూ కలిసిన కథ ఒకటి ప్రపంచమంతా తెలిసినది ఉంది. 1934 నవంబరులో అమెరికాలో, బ్రూక్లిన్‌లోని ఒక ఇంటి వంటింట్లో బిల్ విల్సన్ అనే మనిషి సీసా ముందు పెట్టుకుని కూర్చున్నాడు. షేర్ల వ్యాపారంలో ఒకప్పుడు బాగా సంపాదించి, తాగుడుతో అంతా పోగొట్టుకున్నవాడు. పాత తాగుడు స్నేహితుడు ఎబీ థాచర్ వచ్చాడు. బిల్ గ్లాసు ముందుకు తోస్తే, ఎబీ వద్దన్నాడు. ఆక్స్‌ఫర్డ్ గ్రూపు అనే క్రైస్తవ బృందంలో చేరానని, తప్పులు ఒప్పుకోవడం, చెరుపు చేసినవాళ్ళకి సరిదిద్దుకోవడం, దేవుడి సాయం అడగడం, ఇంకొకరికి సాయపడటం అక్కడ నేర్చుకున్నానని చెప్పాడు. బిల్‌కి దేవుడంటే పెద్ద గురి లేదు. అయినా ఎదురుగా కనబడుతున్న స్నేహితుణ్ణి కాదనలేకపోయాడు. ఆ డిసెంబరులో ఆసుపత్రిలో చేరాడు. 1934 డిసెంబరు 11 తర్వాత 1971లో పోయేదాకా మళ్ళీ తాగలేదు. 1935లో ఏక్రన్ అనే ఊళ్ళో డాక్టర్ బాబ్ స్మిత్ అనే మరో తాగుబోతు వైద్యుణ్ణి కలిశాడు. ఆ డాక్టరుగారు ఆఖరి గ్లాసు వదిలిన 1935 జూన్ 10ని 'ఆల్కహాలిక్స్ అనానిమస్' పుట్టినరోజుగా లెక్కపెడతారు. మన దేశానికి అది 1957లో వచ్చింది. అందులో పేర్లు బయటపెట్టరు, చందా లేదు, మతం అడగరు. దేవుణ్ణి ఎవరికి అర్థమైనట్టు వాళ్ళు తలచుకోవచ్చు.

మరి ఆ మొదటి స్నేహితుడు ఎబీ ఏమయ్యాడు? పండగ చేసుకునేవాళ్ళు వినవలసింది ఈ ముక్కే. కొన్నేళ్ళకే మళ్ళీ తాగాడు. మానాడు, తాగాడు, మళ్ళీ మానాడు. బిల్ ఒక్కనాడూ అతణ్ణి వదల్లేదు, తనకు దారి చూపించింది అతనేనని చివరిదాకా చెప్పేవాడు. ఎబీ 1966లో పోయాడు, ఆఖరి రోజుల్లో తాగుడు లేకుండానే. మధ్యలో పడిపోయినంత మాత్రాన అతను మొదట చెప్పిన మాట అబద్ధమైందా? కాలేదు కదా! అంచేత "ఎన్నాళ్ళుంటుందో చూద్దాం" అనేవాళ్ళకి నేను చెప్పే జవాబు ఇది: ఒకవేళ మళ్ళీ పడ్డా, మానిన ఆ ఏడాది దండగ కాదు. ఎలా మానారో ఆ ఇంటికి ఇప్పుడు తెలుసు. పడిన మర్నాడే ఆసుపత్రికీ, సంఘానికీ తిరిగి వెళ్ళే ధైర్యం ఉండాలి. మనం వెక్కిరిస్తే ఆ ధైర్యం ఎక్కణ్ణించి వస్తుంది?

బిల్ భార్య పేరు లోయిస్. 1918లో పెళ్ళయింది. ఆయన తాగి పడిపోతుంటే డిపార్ట్‌మెంటు స్టోరులో కొలువు చేసి ఇల్లు నడిపింది. బతిమాలింది, ఏడ్చింది, సీసాలు పారబోసింది. ఆయన మానలేదు. ఆఖరికి ఎవరో స్నేహితుడు వచ్చి చెప్తే, కొద్ది వారాల్లో మానేశాడు. సంతోషించింది. కాని ఒక ఆదివారం ఆయన, మీటింగుకి ఆలస్యమవుతోంది త్వరగా తెమలమంటే, ఆవిడకి ఎక్కడలేని కోపం వచ్చి చేతిలో ఉన్న చెప్పు విసిరికొట్టింది! తర్వాత తనకే ఆశ్చర్యం వేసిందట, ఎందుకింత కోపం అని. తను పదిహేడేళ్ళు పడిన కష్టానికి లొంగనివాడు, పరాయివాళ్ళ మాటకి లొంగాడే అన్న బాధ అది. 1951లో ఆవిడా, ఇంకో స్నేహితురాలూ కలిసి తాగేవాళ్ళ కుటుంబాల కోసం 'అల్-అనాన్' అనే సంఘం పెట్టారు. మద్రాసులో శాంతి రంగనాథన్‌గారు కూడా తాగుడు వల్ల భర్తను పోగొట్టుకుని, 1980లో చికిత్సా కేంద్రం పెట్టి ఎన్నో కుటుంబాలను నిలబెట్టారు.

తల్లాడ కూడికలో నా స్నేహితురాలు వంటింటి గుమ్మం దగ్గరే నిలబడింది. ఆయన సాక్ష్యం చెబుతున్నంతసేపూ అందరూ ఆయన్నే చూశారు. దాచుకున్న డబ్బు, పుట్టింట్లో అబద్ధాలు, పిల్లల ఫీజు కోసం తాకట్టు పెట్టిన గాజులు, ఇవేవీ ఆ సాక్ష్యంలో లేవు. ఉండాలనీ కాదు. కాని మీరు ఇలాంటి ఇంటికి వెళ్ళినప్పుడు ఆయన్ని అభినందించాక, ఆవిణ్ణి పక్కకి తీసుకెళ్ళి, "నువ్వెలా ఉన్నావు?" అని అడగండి. జవాబు వెంటనే రాకపోవచ్చు. మానిన మొదటి ఏడాది కొన్ని ఇళ్ళల్లో గొడవలు పెరుగుతాయి కూడా. ఆయన మెలకువగా ఉండి ఇంటి లెక్కలు అడగడం మొదలెడతాడు. ఇన్నాళ్ళూ ఒంటిచేత్తో ఇల్లు నెట్టిన ఆవిడకి అది చిర్రెత్తిస్తుంది. బయటివాళ్ళకి చెబితే, "మానాడుగా, ఇంకేం కావాలి నీకు?" అంటారు. ఆ మాట మనం అనకుండా ఉంటే చాలు.

విశ్వాసంతో తాగుడు మాన్పించే ప్రయత్నం మన ప్రాంతానికి కొత్తేం కాదు. కొత్తగూడెం రైలు విడిపోయే దోర్నకల్ జంక్షన్ మనకు తెలుసు కదా. తిరునల్వేలి నుంచి 1909లో అక్కడికి మిషనరీగా వచ్చిన వి.ఎస్. అజరయ్యగారు 1912లో బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. 1945 జనవరి 1న పోయేదాకా పల్లె పల్లె తిరిగారు. మురికి, రోగం, అప్పు, తాగుడు, ఈ నాలుగూ నాలుగు దెయ్యాలని, వాటితో పోరాడాలని చెప్పేవారు. ఆయన ఆ నాలుగింటినీ కలిపి చెప్పడం నాకు నచ్చింది. తాగుడు ఒంటరిగా రాదు, అప్పుని వెంటబెట్టుకుని వస్తుంది. పోయేటప్పుడు మాత్రం అప్పుని ఇక్కడే వదిలిపోతుంది. అన్నయ్యగారి సాక్ష్యంలో నాకు బాగా గుర్తుండిపోయిన ముక్క కూడా అదే. కొట్టు బాకీలు ఇంకా తీరలేదనీ, నెలనెలా ఇంత కడుతున్నాననీ అందరిముందూ లెక్క చెప్పారు.

చట్టాల సంగతి మీకు తెలిసిందే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోసమ్మా, తోటి ఆడవాళ్ళూ సారా దుకాణం మూయించారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా ఆగింది. 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో పోయింది. ఆడవాళ్ళ ఆ పోరాటానికి చేతులెత్తి మొక్కాలి. కాని దుకాణం మూసినా, తెరిచినా, ఇంట్లో మనిషి సాయంత్రం ఏం చెయ్యాలనేది మళ్ళీ ఇంట్లోవాళ్ళూ స్నేహితులే చూసుకోవాలి.

ఇక మన చేతిలో ఉన్న పనులు. అన్నిటికంటే ముందు ఒక హెచ్చరిక. "ఆయనకి తెలియకుండా కాఫీలోనో, సాంబారులోనో కలిపిపెట్టండి, తాగుడు మానేస్తారు" అని కొందరు పొడులూ, మాత్రలూ ఇస్తారు. పాపం, దిక్కుతోచని ఇల్లాలు నమ్మి కలుపుతుంది. దయచేసి ఆ పని చెయ్యకండి. డైసల్ఫిరామ్ అనే మాత్ర ఒకటి నిజంగానే ఉంది. 1940లలో డెన్మార్కులో ఇద్దరు పరిశోధకులు నులిపురుగుల మందు కోసం చూస్తూ, ఆ మాత్రలు తామే వేసుకుని, తర్వాత కాస్త మద్యం పుచ్చుకునేసరికి మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి జబ్బుపడ్డారు. దాని గుణం అలా బయటపడింది. ఆ మాత్ర వేసుకున్నవాడు తాగితే వాంతులు, ఆయాసం, రక్తపోటు పడిపోవడం జరుగుతాయి. ప్రాణానికే రావచ్చు. అందుకే డాక్టరు పరీక్ష చేసి, ఆ మనిషికి అన్నీ చెప్పి, అతను ఒప్పుకున్నాకే ఇస్తారు. తెలియకుండా పెడితే అతను ఎప్పట్లాగే వెళ్ళి తాగుతాడు. తర్వాత జరిగేదానికి బాధ్యులెవరు? పైగా నిజం తెలిసిన రోజున అతనికి ఇంట్లో అన్నం మీద కూడా నమ్మకం పోతుంది.

మానినవాళ్ళు భోజనానికి వస్తుంటే వంటింట్లో కాస్త చూసుకోండి. క్రిస్మస్ కేకులో రమ్ము వెయ్యకండి, నారింజరసంలో నానబెట్టిన ఎండుద్రాక్షతో బ్రహ్మాండంగా వస్తుంది. దగ్గుమందులు కొన్నిటిలో ఆల్కహాలు ఉంటుంది, సీసా మీద చదవండి. బలానికని ఇచ్చే ద్రాక్షారిష్టం, దశమూలారిష్టం లాంటివాటిలో కూడా పులియడం వల్ల అది సహజంగానే చేరుతుంది. గుళ్ళో బల్లారాధనలో ఇచ్చే ద్రాక్షారసం మాటేమిటని మీలో క్రైస్తవ సోదరీమణులు అడగొచ్చు. దీనికి ఎప్పుడో జవాబు దొరికింది. 1869లోనే అమెరికాలో థామస్ వెల్చ్ అనే మెథడిస్టు దంతవైద్యుడు, ద్రాక్షరసాన్ని వేడిచేసి పులియకుండా నిలవ ఉంచే పద్ధతి కనిపెట్టాడు, సరిగ్గా బల్లారాధన కోసమే. మీ సంఘంలో అలాంటి రసం వాడకపోతే పాస్టరుగారిని అడగడానికి మొహమాటపడకండి.

"ఒక్క గ్లాసుకి ఏమవుతుందిలే" అని బలవంతపెట్టే బంధువులు పెళ్ళిళ్ళల్లో తగులుతారు. వాళ్ళని మీరే అడ్డుకోండి. ఆయన చేత పదిసార్లు "వద్దు" అనిపించకండి.

మరో మాట. వ్యసనమంటే మగవాళ్ళ సీసా ఒక్కటే అనుకోవద్దు. నిద్ర పట్టడం లేదని డాక్టరు పదిరోజులకి రాసిన ఆల్ప్రజోలామ్ మాత్రని, చీటీ చూపించి చూపించి నాలుగేళ్ళుగా వేసుకుంటున్న అక్కయ్యలు మనలో లేరూ? ఆ మాత్ర కూడా ఒక్కసారిగా మానితే మూర్ఛలు రావచ్చు. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి. తాగే భర్త గురించి పక్కింటావిడకి చెప్పుకోగలం గాని, మన మాత్రల సంగతి ఎవరికీ చెప్పం. అందుకే ఆ కూడికలు మన పేరుమీద జరగవు.

మొదట్లో అడిగిన ప్రశ్న ఉండిపోయింది, ఏం పట్టుకెళ్ళాలని. పండ్లు పట్టుకెళ్ళండి, చాలు. అంతకంటే విలువైనది ఇవ్వాలనుకుంటే ఒక సాయంత్రం ఇవ్వండి. వారంలో ఒకరోజు మీరూ, మీవారూ ఆరింటికి వాళ్ళింటికి వెళ్ళి కూర్చోండి. క్యారంబోర్డు ఆడండి, ధరల గురించి మాట్లాడండి, ఏదైనా సరే. సాక్ష్యం గురించి ఆయన చెబితే వినండి, మీరై తవ్వకండి. ఎవరి గుళ్ళో వాళ్ళు దణ్ణం పెట్టుకోవచ్చు.

మీ ఇంట్లోనే ఈ బాధ ఉందా? మత్తు అలవాట్ల గురించి సలహాకి 14446కి ఫోను చెయ్యొచ్చు, డబ్బు పడదు. మనసు బాగాలేనప్పుడు 14416కి చెయ్యండి, తెలుగులోనే మాట్లాడతారు. ఫోను చేసేది తాగే మనిషే కానక్కర్లేదు, భార్య చేసినా చెబుతారు.